అక్షరానికి పళ్ళెం, బడికి పొట్లం

గత ఆగస్టులో ఒక శుక్రవారం సాయంత్రం, మెడకు కట్టిన కుచ్చు కాగితంతో కలిపి దాదాపు నా కూతురంత ఎత్తున్న ఒక అట్ట పొట్లాన్ని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పొదివి పట్టుకొని డ్రెస్డెన్‌లో ఏడో నంబరు ట్రాము ఎక్కాను. మామూలుగా ఆ ట్రాములో ఎవరూ ఎవరినీ పలకరించరు. ఆరోజు మాత్రం ఒక పెద్దాయన లేచి, నాకు కాదు, పొట్లానికి చోటిచ్చాడు; అమ్మాయా, అబ్బాయా అని అడిగాడు; అమ్మాయి అని చెబితే శుభాకాంక్షలు చెప్పి మరీ దిగిపోయాడు. ఆ సంబరంలో నేను చూసుకోలేదు గాని, తలుపు పక్కనున్న స్తంభానికి తగిలి పొట్లం మొన అప్పటికే వంగిపోయింది. జేబులో టేపు చుట్ట ఒకటి వేసుకొని వెళ్ళమని మా కింది వాటాలో ఉండే పెద్దావిడ ముందే హెచ్చరించింది కాబట్టి, బడి గుమ్మం బయటే నిలబడి ఆ మొనను నాలుగు చుట్లు చుట్టి, పరువు దక్కించుకొని, లోపలికి వెళ్ళి అప్పగించాను. వ్యాయామశాల గోడ వెంట అలాంటివి నలభై యాభై దాకా, ఒక్కొక్కటి మెడలో పేరు చీటీ వేసుకొని, విడిదింట్లో దింపిన పెళ్ళివారి సామానులా ఆనుకొని ఉన్నాయి. మర్నాడు శనివారం నా కూతురు ఒకటో తరగతిలో చేరింది.

జర్మనీలో పిల్లలు బడిలో చేరే రోజున అందుకునే ఈ కానుకను దేశమంతటా షూల్‌ట్యూటె, అంటే బడి పొట్లం, అంటారు. మేముండే సాక్సనీ రాష్ట్రంలోనూ, పక్కనున్న థూరింగియాలోనూ మాత్రం త్సుకర్‌ట్యూటె, చక్కెర పొట్లం, అన్న పాత పేరే ఇంకా వాడుకలో ఉంది. ట్యూటె అన్న మాటకు పొట్లం కంటే దగ్గరి మాట ఇంకొకటి దొరకదని నాకనిపిస్తుంది. సెనగల బండివాడు పాత పరీక్ష పేపరును చేతిలో ఒక్క తిప్పు తిప్పి, కింద మొన నొక్కి, పైన వెడల్పుగా విప్పి ఇచ్చే ఆ ఆకారాన్నే పదింతలు పెంచి, రంగు కాగితాలు అంటించి, లోపల మిఠాయిలూ పెన్సిళ్ళూ నింపి, మూతికి పల్చటి కాగితం కుచ్చుగా కట్టి రిబ్బను ముడి వేస్తే అదే త్సుకర్‌ట్యూటె. మా అమ్మ నిజామాబాదు నుంచి వచ్చిన కొత్తల్లో, బల్ల మీద ఆరబెట్టిన ఖాళీ పొట్లాన్ని చూసి, "గిది శంఖం లెక్కున్నది గదరా, గింత పొట్లంల ఏం వోస్తర్రా?" అని అడిగింది. అప్పుడు నవ్వేశాను గాని, ఈ వ్యాసమంతా నిజానికి ఆ ప్రశ్నకు జవాబే.

ఆచారం పుట్టింది ఈ ప్రాంతంలోనే. 1817లో యేనాలో, 1820లో డ్రెస్డెన్‌లో, 1836లో లైప్‌జిగ్‌లో బడికి పోయే పిల్లలకు చక్కెర పొట్లాలు ఇచ్చినట్టు తొలినాటి ఆధారాలు చెబుతాయి. 1910లో ఇక్కడి ఎర్జ్‌గెబిర్గె కొండల్లోని ఒక ఊళ్ళో కర్మాగారంలో తయారీ మొదలైంది. దేశంలోని పడమటి, దక్షిణపు ఊళ్ళు చాలావాటికి ఇది బాగా ఆలస్యంగా, కొన్నింటికి రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే చేరింది. రెండు జర్మనీల కాలపు గుర్తు ఇప్పటికీ పొట్లం ఆకారంలో కనిపిస్తుంది: తూర్పున ఆరు పలకలతో 85 సెంటీమీటర్లు, పడమట గుండ్రంగా 70 సెంటీమీటర్లు. బెర్లిన్ గోడ కూలి ముప్పై ఏళ్ళు దాటినా మా ఊరి దుకాణంలో గుండ్రటి పొట్లాన్ని ముట్టుకున్నందుకు కింది వాటా పెద్దావిడ నన్ను ఎలా చూసిందో చెప్పలేను.

పిల్లలకు చెప్పే కథ కూడా ఇక్కడిదే. బడి నేలమాళిగలోనో అటక మీదో ఒక చెట్టు ఉంటుందట, దానికి చక్కెర పొట్లాలు కాస్తాయట, అవి కోతకొచ్చేంత పెద్దవైతే పిల్లలు బడికి వెళ్ళే వయసు వచ్చినట్టేనట. అందుకే సాక్సనీలో చాలా బడులు తల్లిదండ్రుల నుంచి పొట్లాలను ముందే చాటుగా తీసుకొని, మర్నాడు చెట్టు నుంచి కోసి తెచ్చినట్టు పిల్లల చేతికిస్తాయి. మా ఊరి రచయిత ఎరిష్ కెస్ట్నర్ 1906లో బడిలో చేరిన రోజున తన పొట్లాన్ని పొరుగింటివారికి చూపించబోయి, తట్టుకొని, జారవిడిచి, చీలమండల దాకా మిఠాయిలలో నిలబడిపోయాడట. ఆయన చెప్పిన ఆ మిఠాయిల జాబితాలో ఈస్టర్ పండక్కి చేసే కుందేళ్ళు ఉండటం చూసి నేను తికమక పడ్డాను, ఆగస్టులో ఈస్టర్ కుందేళ్ళేమిటని. అప్పట్లో బడులు ఈస్టర్‌కు తెరిచేవారు. పశ్చిమ జర్మనీ రాష్ట్రాలన్నీ ఒకే పద్ధతికి వచ్చి వేసవి సెలవుల తర్వాత తెరవడం 1967 నుంచి. ఇప్పుడు సాక్సనీలో, బెర్లిన్‌లో శనివారం చేస్తారు, బవేరియాలో మంగళవారం చేస్తారు. శనివారం అయితే తాతలూ అమ్మమ్మలూ దూరపు ఊళ్ళ నుంచి రాగలుగుతారు కాబట్టి మా రాష్ట్రంలో ఇది చిన్నపాటి పెళ్ళే. కొందరు విందుకు ఏడాది ముందే హాలు మాట్లాడుకుంటారు.

ఇక నా మాట చెబుతాను. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామంది ఈ పొట్లాన్ని చాక్లెట్ల సరదాగా తీసిపారేస్తారు, లేదా మన అక్షరాభ్యాసానికి జర్మన్ రూపమని పొరబడి ఫొటోల కింద అలాగే రాస్తారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. నా కూతురికి నాలుగో ఏట ఇండియా వెళ్ళినప్పుడు బాసరలో, గోదావరి ఒడ్డున, సరస్వతి అమ్మవారి గుడిలో అక్షరాభ్యాసం చేయించాము. పళ్ళెంలో పరిచిన బియ్యంలో అయ్యగారు దాని వేలు పట్టుకొని రాయించారు. మనం వర్ణమాలనే ఓనమాలు అనడం "ఓం నమః శివాయ" అని మొదలుపెట్టి రాయించే ఆ అలవాటు నుంచి వచ్చిందే. ఆ వేడుకలో బడి లేదు, తోటి పిల్లలు లేరు, ఊరు లేదు. పిల్ల ఉంది, అమ్మవారు ఉంది, మధ్యలో అక్షరం ఉంది. దానికి తగ్గట్టే, మన పిల్లలు బడికి వెళ్ళే తొలిరోజు సాధారణంగా ఏ వేడుకా లేని రోజు. ఫీజు రసీదు, కొత్త బూట్లు, గేటు దగ్గర ఏడుపు, అంతే.

ఇక్కడ సరిగ్గా దానికి తిరగేసి ఉంది. నా కూతురు వెళ్ళిన కిండర్‌గార్టెన్‌లో మూడేళ్ళలో ఒక్క అక్షరం నేర్పలేదు, నేర్పకపోవడం వాళ్ళ మరపు కాదు, పద్ధతి. బడిలో చేర్చుకునే ముందు ప్రభుత్వ వైద్యురాలు చేసిన పరీక్షలో దాన్ని ఒంటికాలి మీద గెంతమంది, ఆకారాలు గీయమంది, చెవులూ కళ్ళూ చూసింది. ఏ నుంచి జెడ్ దాకా రాసి చూపిస్తానని అది ఉత్సాహపడితే నవ్వి వద్దంది. జూన్‌లో కొత్త తల్లిదండ్రుల సమావేశంలో ఉపాధ్యాయురాలు ఇంకా స్పష్టంగా చెప్పింది: చదవడం మేము నేర్పుతాం, మీరు బూట్ల లేసులు కట్టుకోవడం, కోటు తానే తగిలించుకోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, బడికి నడిచే దారి, ఈ నాలుగూ నేర్పి పంపండి. నాకు కోపం వచ్చిన మాట దాచను. నాలుగేళ్ళకే చదువుతున్న పిల్లను చూసి మురిసిపోతారనుకొని వెళ్ళినవాణ్ణి, లేసుల పాఠం పట్టుకొని తిరిగొచ్చాను.

ఆ కోపం చల్లారడానికి శనివారం ఉదయం రావలసి వచ్చింది. వ్యాయామశాలలో మూడు వందల మందిమి కూర్చున్నాము. రెండో తరగతి పిల్లలు, అంటే నిరుడు ఇదే చోట పొట్లాలు అందుకున్నవాళ్ళు, ఒక చిన్న నాటిక వేశారు. అందులో ఉడుత పాత్ర వేసిన పిల్లవాడు మాట మరిచిపోయి తోకను సర్దుకుంటూ నిలబడితే హాలంతా చప్పట్లు కొట్టింది. తర్వాత ప్రధానోపాధ్యాయురాలు ఒక్కొక్క పేరే పిలిచింది. పిలిచిన పిల్లలు తల్లిదండ్రుల పక్కనుంచి లేచి, వీపు కంటే వెడల్పైన కొత్త బ్యాగులతో ముందుకు నడిచి, టీచరు పక్కన నిలబడ్డారు. నా కూతురి పేరు మూడు అక్షరాలే అయినా ఆమె ఒకసారి తడబడి, ఆగి, మళ్ళీ సరిగ్గా పలికింది. ఇరవై నాలుగు మంది పోగయ్యాక టీచరు వాళ్ళను వరుసగా తీసుకొని తరగతి గదికి వెళ్ళిపోయింది. మా ఎవరికీ ఆ గదిలోకి ప్రవేశం లేదు. తొలి పాఠం నలభై నిమిషాలు. పెద్దవాళ్ళం బయట ఆవరణలో కాఫీ, కేకులు తింటూ, తలుపు వైపు చూస్తూ నిలబడ్డాము. మా అమ్మ మాత్రం కేకు ముట్టలేదు. "పిల్లను తీస్కపొయ్యి తలుపేస్కున్నరు, జర సూడరా," అని మూడుసార్లు పంపింది నన్ను.

పొట్లం ఇచ్చింది ఆ తర్వాతే. ఒక్కొక్కరినీ పేరుతో పిలిచి చేతికందిస్తుంటే, కొందరు పిల్లలు పొట్లం వెనక పూర్తిగా కనుమరుగై, కాళ్ళు మాత్రమే కనిపిస్తూ నడిచారు. చిత్రమేమిటంటే ఎవరూ అక్కడ విప్పలేదు. విప్పకూడదు, ఇంటికి వెళ్ళాకనే. ఆరేళ్ళ పిల్ల అంత పెద్ద పొట్లాన్ని చేతుల్లో పెట్టుకొని, ఫొటోలకు నిలబడి, విందు భోజనం దాకా ముడి ముట్టకుండా ఆగింది. టీచరు అడిగిన నాలుగు విద్యల్లో మూడోది అదే కదా.

నేను చెప్పదలచినది ఇదే: బాసరలో మనం పండగ చేసింది అక్షరానికి, ఇక్కడ పండగ చేసేది బడికి. ఒక పిల్ల ఇంటి మనిషిగా లేచి, పేరు పిలిపించుకొని, తనకు ఏమీ కాని ఇరవై ముగ్గురితో కలిసి ఒక తలుపు దాటి వెళ్ళడం అన్నదే ఇక్కడ సంస్కారం. దానికి చదువు వచ్చా రాదా అన్నది ఆరోజు ఎవరికీ పట్టదు. అందుకే పొట్లంలో పుస్తకం లేకపోయినా ఎవరూ వెలితిగా అనుకోరు.

జర్మన్ నేల మీద అక్షరానికి చేసే పండగ కూడా ఒకప్పుడు ఉండేది. మధ్యయుగంలో రైన్ నదీ తీరపు ఊళ్ళలో యూదులు పిల్లవాణ్ణి వస్త్రంలో చుట్టి గురువు దగ్గరికి ఎత్తుకెళ్ళి, హీబ్రూ అక్షరాలు రాసిన పలక మీద తేనె రాసి నాకించేవారు. లేఖనాలు రాసిన తియ్యటి రొట్టెలూ, గుడ్లూ తినిపించేవారు. వోర్మ్స్ నగరపు పండితుడు ఎలియాజర్ దీన్ని వర్ణించాడు. చక్కెర పొట్లానికి మూలం అదేనని కొందరు అంటారు. నాకు ఆ లంకె గట్టిదనిపించదు. తేనె పలక మన బియ్యపు పళ్ళేనికి చుట్టం, రెండూ అక్షరాన్ని నాలుక మీదికో వేలి మీదికో ఎక్కించేవి. పొట్లంలో అక్షరమే లేదు. దాని పని వేరు.

ఏమిటా పని? ఈ దేశంలో బడిలో చేరే పిల్లలతో పెద్దవాళ్ళు ఒక మాట అంటారు: ఇక జీవితంలో అసలు పని మొదలవుతుంది, ఆటలు చాలు అన్న అర్థంలో. అది సగం పరిహాసం, సగం బెదిరింపు. ఆ మాటకు వెనక రెండు మూడు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. అప్పటి జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా రాజు 1717లో పిల్లలను బడికి పంపాలని ఉత్తరువు ఇచ్చాడు, 1763లో దాన్ని ఇంకా బిగించారు. మా సాక్సనీలో 1835 నాటి చట్టం ఎనిమిదేళ్ళ చదువును తప్పనిసరి చేసింది. 1919 రాజ్యాంగం దాన్ని దేశమంతటికీ విధించింది, 1920 చట్టంతో ధనిక, పేద తేడా లేకుండా మొదటి నాలుగేళ్ళూ ఒకే బడి అయింది. ఇప్పటికీ ఇక్కడ పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటామంటే చట్టం ఒప్పుకోదు. 2006లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం కూడా ఆ నిషేధాన్ని తప్పుపట్టలేదు. సెలవులకు రెండు రోజుల ముందు ఇండియా టికెట్టు చవగ్గా దొరికిందని పిల్లను బడి మాన్పిస్తే జరిమానా పడే దేశం ఇది. అంటే ఆ తలుపు దాటడం పిల్ల ఇష్టం కాదు, మన ఇష్టమూ కాదు.

రాజ్యం బలవంతంగా పిలిచినప్పుడు ఆ పిలుపులో కొంత తీపి ఉండి తీరాలి. అమ్మానాన్నలు ఏడాదిపాటు పోగుచేసిన తీపిని బడి తన చేతుల మీదుగా, తన చెట్టుకు కాసినట్టు, పిల్లకు ఇవ్వడంలో ఉన్న నాటకం నాకు ఎంతో నచ్చింది. అది అబద్ధమని ఆరేళ్ళ పిల్లలకూ తెలుసు. నా కూతురికి ఆ కాగితాలు ఎవరు అంటించారో తెలుసు, జిగురు అంటిన నా చొక్కా కూడా చూసింది. అయినా బడి ఇస్తే బడి ఇచ్చినట్టే పుచ్చుకుంది. వచ్చే తొమ్మిది పదేళ్ళు తన ఉదయాలన్నీ తీసుకోబోయే సంస్థ మొదటిరోజు తన పేరు సరిగ్గా పలకడానికి ఆగింది, చేతులు నిండేంత ఇచ్చింది. తప్పనిసరి చదువును చట్టంగా రాసుకున్న ఏ దేశమైనా పిల్లకు ఈపాటి మర్యాద బాకీ పడుతుందని నేను వాదిస్తాను. మన దగ్గరా విద్యాహక్కు చట్టం 2010 నుంచి అమల్లో ఉంది. ఆ తొలిరోజు గేటు దగ్గర ఎవరైనా పిల్లను పేరుతో పిలిచి లోపలికి తీసుకుంటున్నారా అన్నది వేరే ప్రశ్న.

ఇంత పొగిడాక రెండో వైపు కూడా చెప్పాలి. ఇక్కడే ఈ మర్యాద చెడిపోతున్న తీరు నాకు కనిపించింది. మొదటిది డబ్బు. మంచి రకం బడి బ్యాగు ఒక్కటే 250 యూరోల పైమాట. ప్రభుత్వ సాయంతో బతికే కుటుంబాలకు బడి సామానుకు ఏడాదికి ఇచ్చేది 195 యూరోలు, అదీ ఆగస్టులో 130, ఫిబ్రవరిలో 65గా రెండు విడతలు. అంటే పొట్లం మాట ఎత్తకముందే ఆ ఇంటివాళ్ళు అప్పులో ఉన్నారు. ఆ పక్కనే చేతి గడియారం, బొమ్మల పెట్టెలు, టాబ్లెట్టు దాకా పొట్లంలో పెట్టేవాళ్ళు ఉన్నారు. పొట్లంలో పట్టనివి పెరట్లో బల్ల మీద పేర్చేవాళ్ళూ ఉన్నారు. శనివారం నాడు పైకి అన్నీ ఒకే ఎత్తున్న ఆరు పలకల పొట్లాలే. సోమవారం తరగతిలో "నీకేమొచ్చింది?" అన్న ప్రశ్న మొదలయ్యాక ఆ సమానత్వం అరగంట నిలవదు.

రెండోది ఇంకా లోతైనది. అందరినీ ఒకే వ్యాయామశాలలోకి పిలిచిన ఈ బడే నాలుగో తరగతిలో వాళ్ళను రెండుగా విడదీస్తుంది. సాక్సనీలో జర్మన్, గణితం, పరిసరాల విజ్ఞానం మార్కుల సగటు 2.0 లేదా అంతకంటే మెరుగ్గా ఉంటేనే (ఇక్కడ 1 అన్నింటికంటే మంచి మార్కు) గిమ్నాజియం అనే ఉన్నత పాఠశాలకు సిఫారసు చేస్తారు. తల్లిదండ్రులు పట్టుబడితే సిఫారసు లేకుండా కూడా పంపవచ్చు గాని, పట్టుబట్టడానికి కావలసిన జర్మన్ భాష, తీరిక, ధైర్యం ఎవరి దగ్గర ఉంటాయో ఊహించుకోవడం కష్టం కాదు. పదేళ్ళ పిల్లలకు అది తీపి రోజు కాదు, దానికి ఏ పొట్లమూ లేదు. నా తెలుగు మిత్రుడొకడు ఈ మాట పట్టుకొని, ఆ శనివారపు సంబరమంతా పెద్ద బూటకం అంటాడు. నేను ఒప్పుకోను. ఆ వేడుక ఇచ్చిన మాట నిజమైనదే కాబట్టి నాలుగేళ్ళ తర్వాత అది తప్పినప్పుడు తప్పిందని గుర్తుపట్టగలుగుతున్నాము. మాటే ఇవ్వని చోట నిలదీయడానికి ఏముంటుంది?

డబ్బు సంగతికి మాత్రం పరిష్కారం మన చేతుల్లోనే ఉంది, అది ఈ పొట్లం లోపలే ఉంది. మా కింది వాటా పెద్దావిడ 1946లో బడిలో చేరింది. బాంబుదాడిలో కూలిన ఊరు, తిండికి కూపన్లు. వాళ్ళమ్మ పొట్లం అడుగున ఉడికించని బంగాళాదుంపలు నింపి, పైన నాలుగు బిస్కెట్లు, ఒక ఆపిల్ పెట్టి కుచ్చు కట్టిందట. "బరువుగా ఉందని ఎంత గర్వపడ్డానో! ఆ రాత్రి దుంపలు అందరం తిన్నాం," అని చెప్పింది. మా పొట్లం నింపేటప్పుడు ఆవిడే వచ్చి కూర్చొని, పాత వార్తాపత్రికలు ఉండలు చుట్టి, మొన నుంచి మూడో వంతు దాకా కూరింది. మొన విరగకుండా ఉంటుందని ఒక కారణం చెప్పింది, ఖాళీని సామానుతో నింపాలన్న ఆశ పుట్టదని ఇంకొక కారణం చెప్పింది. మిగిలిన చోట పెన్సిళ్ళు, రొట్టె డబ్బా, తాడాట తాడు, బంక మిఠాయిలు, మా అమ్మ కొంగు ముడి విప్పి ఇచ్చిన బాసర అక్షతల పొట్లం, అదే అసలైన పొట్లం, వేళ్ళంత కాగితంలో చుట్టినది. ఇవన్నీ కలిపి ముప్పై యూరోలు దాటలేదు. విప్పిన రోజు నా కూతురు అడుగుదాకా చెయ్యి పెట్టి, కాగితం ఉండలను కూడా ఒక్కొక్కటే బయటికి లాగి, వాటితో మా నాలుగేళ్ళ వాడి మీద యుద్ధం చేసింది. ఆరోజు ఎక్కువసేపు ఆడినది వాటితోనే.

జూన్ నాటి సమావేశంలో ఒక తల్లి లేచి, పొట్లం ఖర్చుకు అందరం కలిసి ఒక హద్దు పెట్టుకుందామని అడిగింది. గదిలో ఎవరూ కాదనలేదు, ఎవరూ చెయ్యి ఎత్తలేదు. మా పిల్లకు మేము ఏం ఇస్తామన్నది మా ఇష్టం అని ఒకాయన మెల్లగా అన్నాడు, విషయం క్రేయాన్ల రకం మీదికి మళ్ళింది. నేనూ ఆరోజు చెయ్యి ఎత్తలేదు; కొత్తవాణ్ణి, భాష తడబడుతుంది, పరదేశివాడికెందుకు అనుకున్నాను. అది పిరికితనమని ఇప్పుడు తెలుస్తోంది. బడి అందరిదీ అయినప్పుడు దాని గుమ్మంలో ఇచ్చే పొట్లం ఒక్క ఇంటి ఇష్టం మాత్రమే కాజాలదు.

రెండేళ్ళలో మా చిన్నవాడి వంతు వస్తుంది. ఆ సమావేశానికి చెప్పవలసిన వాక్యాలు జర్మన్‌లో రాసుకొని, కింది వాటా పెద్దావిడ చేత దిద్దించుకొని పెట్టుకున్నాను. అట్ట కూడా కొనేశాను: ఆరు పలకలదే గాని, 70 సెంటీమీటర్లది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పడమటి వాళ్ళ కొలత కదా ఇది అని నొసలు ముడిచింది గాని, పాత వార్తాపత్రికలు మాత్రం అప్పుడే దాచిపెట్టడం మొదలుపెట్టింది.